గేటెడ్ కమ్యూనిటీలో మన ఇల్లు కడుతుంటే సైట్‌కి రోజూ వెళ్లాలా?

తర్వాత చదివేవాళ్ల కోసం మీ ప్రశ్నని క్లుప్తంగా మళ్లీ రాస్తున్నాను. గుంటూరు గోరంట్ల వైపు ఒక గేటెడ్ కమ్యూనిటీలో డూప్లెక్స్ బుక్ చేశారు. బిల్డర్ ఒకే నమూనాలో వరసగా నలభై దాకా ఇళ్లు కడుతున్నాడు. మీరు బెంగళూరులో ఉంటారు. నాన్నగారు బ్రాడీపేట నుంచి రోజూ బండి మీద సైట్‌కి వెళ్లి వస్తున్నారు. సైట్ ఇంజినీరు విసుక్కుని "ఆదివారం తప్ప రావద్దండి" అన్నాడు. రోజూ వెళ్లే హక్కు మనకి ఉందా, వెళ్తే ఏం చూడాలి అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే రోజూ వెళ్లక్కర్లేదు. అలాగని ఆదివారం మాత్రమే వెళ్తే లాభం లేదు, ఆ రోజు సైట్‌లో సగం పని ఆగిపోయి ఉంటుంది. ఏ పనైనా కంటికి కనబడకుండా మూసుకుపోయే ముందు రోజు వెళ్లాలి. పునాది గుంటలో కాంక్రీటు పోసే ముందు, బేస్‌మెంట్ (నేల మీద నుంచి ఇంటి ఫ్లోరు దాకా లేపే ఎత్తు) ఫిల్లింగ్ జరిగేటప్పుడు, ప్రతి స్లాబుకీ ముందు రోజు, గోడలకి ప్లాస్టరింగ్ మొదలయ్యే ముందు, బాత్రూముల్లో పల్లంగా వదిలిన చోటు నింపి టైల్స్ పరిచే ముందు. ఈ ఐదూ తప్పకుండా చూస్తే మిగతా రోజుల్లో ఇంట్లో కూర్చున్నా పెద్దగా పోయేదేమీ ఉండదు. వీటిలో ఏ ఒక్కటి తప్పినా తర్వాత నెలంతా రోజూ వెళ్లి నిలబడినా ఉపయోగం లేదు, చూడాల్సింది అప్పటికే లోపలికి వెళ్లిపోయి ఉంటుంది.

నేను విజయవాడ, గుంటూరుల మధ్య బిల్డర్ల దగ్గర సైట్ ఇంజినీరుగా చాలా ఏళ్లు చేశాను. ఇప్పుడు కొనుక్కునేవాళ్ల తరఫున సైట్లు చూసి పెడుతుంటాను. కాబట్టి మీ సైట్ ఇంజినీరు ఎందుకు విసుక్కుంటున్నాడో కూడా నాకు తెలుసు. ఇలాంటి ప్రాజెక్టుల్లో ఒక్క ఇంజినీరు చేతిలో పది, పదిహేను ఇళ్లు ఉంటాయి. ఒక్కో ఇంటికీ ఒక నాన్నగారు ఉంటారు.

ముందు హక్కు సంగతి చూద్దాం. మంజూరైన ప్లాన్లు, ఏ దశ ఎప్పటికి పూర్తవుతుందనే షెడ్యూలు తెలుసుకునే హక్కు 2016 నాటి రెరా చట్టం (ఇళ్లు కొనేవాళ్లకి రక్షణగా వచ్చిన రియల్ ఎస్టేట్ చట్టం) 19వ సెక్షన్ మీకు ఇచ్చింది. సైట్‌కి వచ్చి పని ఎంతవరకు వచ్చిందో చూసుకోవడం గురించి చాలా సేల్ అగ్రిమెంట్లలో విడిగా ఒక క్లాజు ఉంటుంది. మీ అగ్రిమెంట్ తీసి అది వెతకండి. ఉండి, అందులో రోజుల షరతు ఏదీ లేకపోతే "ఆదివారం తప్ప రావద్దు" అనడం కుదరదు. అయితే చూడటం వేరు, చేయించడం వేరు. మేస్త్రీకి పని చెప్పడం, పని ఆపించడం మీ చేతిలో లేవు. హెల్మెట్ లేకుండా సెంట్రింగ్ (కాంక్రీటు గట్టిపడేదాకా దాన్ని మోసే చెక్కలు, జాకీలు) కిందకి రావద్దని ఇంజినీరు అంటే మాత్రం అతని మాటే వినాలి. పెద్దాయన కాలికి ఒక మేకు దిగితే ఆ టెన్షన్ అందరికీ.

నేనైతే గొడవ పడకుండా ఇలా చేస్తాను. సైట్ ఇంజినీరుకి ఒక మెసేజ్ పెట్టండి: "రోజూ వచ్చి మీ పనికి అడ్డం రాము. కానీ ఈ ఐదు దశలకి ఒక రోజు ముందు మాకు చెప్పండి, వచ్చి ఫోటోలు తీసుకుని వెళ్తాం." ఇంతవరకు దీనికి కాదన్న ఇంజినీరు నాకు దాదాపుగా తగల్లేదు. రోజూ వచ్చే మనిషి రాకుండా ఉంటాడంటే వాళ్లకీ హాయే.

భయపడాల్సింది దొంగతనానికి కాదు, తొందరకి. మన స్థలంలో మేస్త్రీని పెట్టుకుని కట్టించుకునేటప్పుడు సిమెంటు బస్తాలు లెక్కపెట్టుకుంటాం, ఇసుక లారీ కొలుచుకుంటాం. నాన్నగారి తరానికి ఆ కాపలా బాగా అలవాటు. ఒకే నమూనాలో పదుల ఇళ్లు కట్టే బిల్డర్ దగ్గర లెక్క వేరు. అతని లాభం వేగంలో ఉంటుంది. సెంట్రింగ్ సామాను రెండు మూడు సెట్లే ఉంటుంది, ఒక ఇంట్లో విప్పితేనే పక్క ఇంటికి వెళ్తుంది. టైల్స్ వేసేవాళ్లకి అడుగు లెక్కన కూలి, ఎంత తొందరగా పరిస్తే అంత డబ్బు. క్యూరింగ్‌కి, అంటే కాంక్రీటు ఆరకుండా తడపడానికి, వరసకి ఒక మనిషి, ఒక పైపు. ఇలాంటి చోట సిమెంటు తక్కువ కలిపే తప్పులకన్నా రోజులు తగ్గించే తప్పులే ఎక్కువగా చూశాను.

ఇందులో మీకు ఒక లాభం కూడా ఉంది, అది చాలామంది వాడుకోరు. మీ ఇంటికన్నా రెండు మూడు నెలలు ముందున్న ఇల్లు చూడండి. అదే డ్రాయింగు, అదే మేస్త్రీ, అవే చేతులు. అక్కడ జరిగిన తప్పు మీ ఇంట్లోనూ జరుగుతుంది. పోరంకి వైపు ఒక ప్రాజెక్టులో మాకు ముందున్న ఇంట్లో పెద్ద బెడ్‌రూమ్ బాత్రూమ్ తలుపు తెరిస్తే సరిగ్గా వెళ్లి స్విచ్ బోర్డును కప్పేస్తోంది. లైటు వేయాలంటే లోపలికి వెళ్లి, తలుపు మూసి, అప్పుడు వెతుక్కోవాలి. మా క్లయింటు ఇంట్లో అప్పటికి ఇటుక పని మాత్రమే అయింది, బోర్డు పెట్టె ఇంకా బిగించలేదు. ఒక ఫోటో తీసి పంపితే పైసా ఖర్చు లేకుండా బోర్డును అవతలి వైపుకి మార్చారు. ప్లాస్టరింగ్ అయ్యాక అడిగి ఉంటే "ఎక్స్‌ట్రా వర్క్" అని బిల్లు వచ్చేది. మోడల్ విల్లాని ఎన్నిసార్లు చూసినా ఇలాంటివి కనబడవు, దాన్ని చూపించడానికే కడతారు. పనిలో ఉన్న ఇళ్లలోనే నిజం కనబడుతుంది. అందులో ఎవరైనా కాపురానికి దిగితే ఇంకా మంచిది, ఒక సాయంత్రం వెళ్లి పలకరించండి. నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో, ఏ కిటికీ కారుతోందో వాళ్లే చెప్తారు.

ఇక ఒక్కో దశలో ఏం చూడాలో చెప్తాను.

పునాది దగ్గర మీది గుంటూరు కాబట్టి మట్టి గురించి అడగాలి. గుంటూరు చుట్టుపక్కల చాలాచోట్ల నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి మే నెలలో చెయ్యి దూరేంత పగుళ్లు ఇస్తుంది. సాయిల్ టెస్ట్ రిపోర్టు, దాన్నిబట్టి స్ట్రక్చరల్ ఇంజినీరు ఇచ్చిన పునాది లోతు, ఈ రెండూ అడిగి తీసుకోండి. గుంట ఆ లోతుకి వెళ్లిందో లేదో టేపు పెట్టి ఫోటో తీస్తే చాలు. అంతకన్నా ముఖ్యం బేస్‌మెంట్ ఫిల్లింగ్. గుంటలోంచి తవ్విన నల్లమట్టినే మళ్లీ బేస్‌మెంట్‌లో నింపేస్తే ఏడాది రెండేళ్లకి హాల్లో టైల్స్ లేస్తాయి, లేదా గోడ వెంబడి కుంగుతాయి. గ్రావెల్ తోలించి, సుమారు అరడుగు మందాన పొరలు పొరలుగా పరిచి, ప్రతి పొరనీ తడిపి దిమ్మిస కొట్టాలి. ఒకేసారి మూడడుగులు నింపి పైన నీళ్లు వదిలేస్తే దాన్ని ఫిల్లింగ్ అనరు. నేల కాంక్రీటు వేసే ముందు చెదల మందు కొట్టించారో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి.

బేస్‌మెంట్ ఎత్తు గురించి ఒక మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగాక విజయవాడలో ఇల్లు కొనే ప్రతివాళ్లూ అడిగేది ఇదే. అడగడం మంచిదే, కానీ అడిగే తీరులో ఒక చిక్కు ఉంది. "రోడ్డు మీద నుంచి మూడడుగులు" అంటారు. ఏ రోడ్డు మీద నుంచి? గేటెడ్ కమ్యూనిటీలో లోపలి సీసీ రోడ్డు అన్నిటికన్నా చివర్లో పడుతుంది. ఇప్పుడు కనబడే మట్టి బాట మీద మరో అడుగు పైకి వస్తే మీ మూడడుగులు రెండవుతాయి. పూర్తయిన రోడ్డు లెవెల్ డ్రాయింగులో ఎంత ఉందో చూసి, దాని నుంచి లెక్కపెట్టమని అడగండి. నీళ్ల సంపు మూత కూడా ఆ రోడ్డుకన్నా పైనే ఉండాలి. లేకపోతే గట్టి వాన పడిన రోజు డ్రైనేజీ నీళ్లు నేరుగా సంపులోకి వస్తాయి.

స్లాబు దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను. పోసే ముందు రోజు సాయంత్రం, కడ్డీ కట్టడం పూర్తయ్యాక వెళ్లండి. మొదట చూడాల్సింది కవర్ బ్లాకులు, అంటే కడ్డీ చెక్కకి తగలకుండా కింద పెట్టే చిన్న దిమ్మలు. స్లాబు కడ్డీ కింద 20 మిల్లీమీటర్లు, బీముకి 25 నుంచి 30, పిల్లర్‌కి 40, పునాదిలో 50, ఇంత కాంక్రీటు కడ్డీని కప్పి ఉండాలి. చాలాచోట్ల బ్లాకులకి బదులు కంకర రాళ్లు, టైల్ ముక్కలు దూర్చేస్తారు. వైబ్రేటర్ పెట్టగానే అవి జారిపోయి కడ్డీ వెళ్లి చెక్క మీద కూర్చుంటుంది. సెంట్రింగ్ విప్పాక స్లాబు కింద కడ్డీ గీతలు గీసినట్టు కనబడిందంటే ఇదే కారణం.

రెండోది బాల్కనీ. గోడ బయటికి వేలాడే బాల్కనీకి, పోర్టికోకి బలాన్నిచ్చే కడ్డీ పైవైపు ఉంటుంది, మామూలు స్లాబులో లాగా అడుగున కాదు. ముందు రోజు సాయంత్రం పైన చక్కగా కట్టే ఉంటుంది. పొద్దున్న కాంక్రీటు మొదలయ్యాక కూలీలు దాని మీద నుంచే నడుస్తారు, పంపు పైపు దాని మీదే ఈడుస్తారు. పది గంటలకల్లా పైన ఉండాల్సిన కడ్డీ రెండంగుళాలు కిందకి దిగిపోతుంది. పైన కాంక్రీటు పడ్డాక ఎవరికీ కనబడదు. తర్వాత ఆ బాల్కనీకీ గోడకీ మధ్య పైన ఒక పగులు వస్తుంది, దానికి పుట్టీ పెట్టి రంగు వేస్తారు. దీనికి మందు చిన్నదే. పై కడ్డీ కింద కుర్చీలాగా వంచిన కడ్డీ ముక్కలు, మేస్త్రీలు వాటిని చైర్లు అంటారు, దగ్గర దగ్గరగా పెట్టించాలి. నడవడానికి చెక్క పలకలు వేయించాలి. ఈ ఒక్కదాని కోసం స్లాబు పోసే రోజు కూడా నాన్నగారు వెళ్లి బాల్కనీ వైపు నిలబడితే నేను కాదనను.

రింగులు, అంటే నిలువు కడ్డీల చుట్టూ చుట్టి కట్టే సన్న కడ్డీలు కూడా చూడండి. విజయవాడ, గుంటూరు రెండూ 2016 నాటి భూకంపాల మ్యాప్‌లో మూడో జోన్‌లో, అంటే ఓ మోస్తరు ప్రమాదం ఉన్న చోట, పెట్టిన ఊళ్లు. పిల్లర్ రింగు కొక్కేలు లోపలికి, అంటే 135 డిగ్రీలకి వంచి ఉండాలి. మూల దగ్గర ఎల్ ఆకారంలో వంచి వదిలేస్తే ఊగిసలాట వచ్చినప్పుడు తెరుచుకుంటాయి. పిల్లర్ బీమును కలిసే చోట పైనా కిందా రింగులు మధ్యలోకన్నా దగ్గరగా ఉండాలి. ఫోటోలో టేపు కూడా పడేలా తీయండి, మీరు చూసి తేల్చలేకపోతే ఇంకెవరైనా చూసి చెప్పగలరు.

కాంక్రీటు రెడీమిక్స్‌లో, అంటే ప్లాంటులో కలిపి లారీలో వస్తుంటే ప్రతి లారీతో ఒక చలానా వస్తుంది. అందులో గ్రేడు, కలిపిన టైము, ఎన్ని ఘనపు మీటర్లో ఉంటాయి. కలిపిన రెండు గంటల్లోపు దింపేయాలన్నది నియమం. ఎండాకాలంలో లారీ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే కాంక్రీటు బిగుస్తుంది, పంపు లాగదు, అప్పుడు డ్రైవరు పైపు పెట్టి నీళ్లు కొడతాడు. ఎం25 (కాంక్రీటు బలాన్ని చెప్పే గ్రేడు) అని డబ్బు తీసుకున్న కాంక్రీటు అక్కడ ఎం25 కాకుండా పోతుంది. "నీళ్లు కలపొద్దు, అవసరమైతే ప్లాంటు వాళ్ల అడ్మిక్స్చర్ (కాంక్రీటును పలచన చేసే మందు) కలపమనండి" అని ఇంజినీరుకి చెప్పండి, డ్రైవరుతో వాదించకండి. క్యూబులు, అంటే బలం పరీక్షకి అచ్చుల్లో పోసి పెట్టే కాంక్రీటు దిమ్మలు, తీశారో లేదో చూడండి. డూప్లెక్స్ స్లాబు ఒకటి సుమారుగా 16 నుంచి 30 ఘనపు మీటర్ల మధ్య పడుతుంది, దానికి కనీసం మూడు శాంపిళ్లు తీయాలి. 28 రోజుల రిపోర్టు వచ్చాక దాని మీద మీ ఇంటి నంబరు, మీ స్లాబు తేదీ ఉన్నాయా అని చూసుకోండి. ఒకే రిపోర్టును పది ఇళ్లకి చూపించడం నేను ఎరుగుదును.

నాన్నగారిని ఆపకండి, పని మార్చండి. రోజూ వెళ్లే మనిషి నిజంగా చేయగలిగిన పని ఒకటుంది, అది క్యూరింగ్ చూడటం. మన దగ్గర ఎక్కువగా వాడేది పీపీసీ (బూడిద కలిపిన) సిమెంటు. దానికీ, మన ఎండలకీ కలిపి కనీసం పది రోజులు కాంక్రీటు ఆరకుండా తడిగా ఉండాలి, పద్నాలుగు రోజులైతే ఇంకా మంచిది. స్లాబు మీద మడులు కట్టి నీళ్లు నిలపాలి, పిల్లర్లకి గోనెపట్టాలు చుట్టి తడపాలి. నేను చెప్పిన వరసకొక పైపు సంగతి గుర్తుందా? పైపు అందని చివరి ఇల్లు, మూల ఇల్లు ఎండిపోతాయి. నాన్నగారు సాయంత్రం వెళ్లి ఒకే చోట నిలబడి ఒక ఫోటో తీసి మీకు పంపితే చాలు. గోనెపట్టా మీద చెయ్యి పెడితే తెలిసిపోతుంది, దానికి ఇంజినీరింగ్ చదువు అక్కర్లేదు. ఎండిపోయి ఉంటే ఇంజినీరుకి ఒక మెసేజ్. రెండు రోజులు ఇలా జరిగితే మూడో రోజు నుంచి మీ ఇంటికే ముందు నీళ్లు కొడతారు.

దీనితోపాటు సెంట్రింగ్ ఎప్పుడు విప్పుతున్నారో కూడా ఆయనకే కనబడుతుంది. ఐఎస్ 456 (కాంక్రీటు పనికి మన దేశంలో ఉన్న ప్రమాణం) ప్రకారం నాలుగున్నర మీటర్ల లోపు స్లాబుకి కింద జాకీలు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉండాలి. బీముల కింద ఆరు మీటర్ల వరకు 14, ఆపైన 21 రోజులు. ఇవి కూడా బూడిద కలపని మామూలు ఓపీసీ సిమెంటుకి చెప్పిన రోజులు, పీపీసీకి ఇంకాస్త ఆగడమే మంచిది. పక్క ఇంటికి సామాను కావాలని మీ హాలు కింద జాకీలు వారానికే లాగేస్తున్నారంటే వెంటనే ఫోన్ చేయాల్సిన సందర్భం అదే.

గోడల్లో చూడాల్సింది తక్కువ. మన వైపు ఎక్కువగా ఇబ్రహీంపట్నం థర్మల్ ప్లాంటు బూడిదతో చేసిన ఫ్లైయాష్ ఇటుకలే వస్తాయి, వాటికి వంక పెట్టక్కర్లేదు. రోజుకి ఒకటిన్నర మీటరుకి మించి గోడ లేపకూడదు. పిల్లర్, ఇటుక గోడ కలిసే చోట ప్లాస్టరింగ్‌కి ముందు చికెన్ మెష్ (సన్న ఇనుప వల) కొట్టాలి, లేకపోతే అక్కడ నిలువుగా పగులు వస్తుంది. అంతే.

ప్లాస్టరింగ్‌కి ముందు రోజు మాత్రం తీరిగ్గా వెళ్లండి. ఆ రోజు ప్రతి గదిలో ప్రతి గోడనీ ఫోటో తీయాలి, పక్కన టేపు తెరిచి పెట్టి. కరెంటు పైపులు, నీళ్ల పైపులు ఎక్కడెక్కడ వెళ్లాయో రేపు ఆ ఫోటోలే చెప్తాయి. కాపురానికి వచ్చాక గీజర్‌కో అద్దానికో డ్రిల్లు పెట్టినప్పుడు వాటి విలువ తెలుస్తుంది. నీళ్ల పైపులకి ప్రెషర్ టెస్ట్ చేశారా అని అడిగి, గేజు ముల్లు కనబడేలా ఫోటో తీసుకోండి. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, ఇన్వర్టర్, ఏసీ పాయింట్లు ఎక్కడ కావాలో ఇంట్లో ఆడవాళ్లని తీసుకెళ్లి అప్పుడే తేల్చుకోండి. నా అనుభవంలో వంటగది పాయింట్ల గురించి మగవాళ్లు చెప్పిన లెక్క ఎప్పుడూ సరిపోలేదు.

బాత్రూముల్లో పల్లంగా వదిలిన స్లాబుకి వాటర్‌ప్రూఫింగ్ కోటింగ్ వేశాక, లోపల ఏదీ నింపక ముందే నీళ్లు నిలపాలి. గోడ మీద నీటి మట్టం దగ్గర పెన్సిల్ గీత గీసి, 48 గంటల తర్వాత చూడాలి. కింది గది సీలింగ్‌లో చెమ్మ కనబడకూడదు. ఆ పల్లాన్ని దేనితో నింపుతున్నారో కూడా చూడండి. విరిగిన టైల్స్, ప్లాస్టరింగ్ తుక్కు, సిమెంటు సంచులు, అప్పుడప్పుడు గుట్కా ప్యాకెట్లు కూడా అందులోకి వెళ్లిపోతుంటాయి.

మార్పులు నోటితో చెప్పొద్దు, మేస్త్రీకి అసలు చెప్పొద్దు. తాడేపల్లి వైపు ఒక ఇంట్లో ఓనరు గారి బాబాయి వచ్చి, గాలి బాగా వస్తుందని బెడ్‌రూమ్ కిటికీని జానెడు వెడల్పు చేయమని తాపీ మేస్త్రీకి చెప్పారు. పెద్దాయన మాట కాదనలేక అతను చేసేశాడు. యూపీవీసీ కిటికీలు మాత్రం ప్రాజెక్టు మొత్తానికి ఒకే సైజులో ఆర్డరు పెట్టేశారు. తీరా వచ్చాక పక్కన జానెడు సందు మిగిలింది, దాన్ని సిమెంటుతో పూడ్చారు. మొదటి వానకే ఆ అతుకు దగ్గర నీళ్లు దిగాయి. బిల్డర్‌ని అడిగితే "మీరు చెప్పిందే కదండీ" అన్నాడు. అతని మాటలోనూ న్యాయం ఉంది. వాస్తు మార్పులైనా సరే, మెట్లు, పూజ గది, వంట ప్లాట్‌ఫామ్ దిక్కు, ఏదైనా పునాదికి ముందే రాతపూర్వకంగా అడగండి. ఖర్చు ఎంతో కూడా రాతలోనే తెప్పించుకోండి. మంజూరైన ప్లాన్‌లో బిల్డర్ తనంతట తాను మార్పు చేయాలన్నా మీ అనుమతి లేకుండా కుదరదని రెరా చట్టం 14వ సెక్షన్ చెబుతోంది. మీకు రాత ఎంత అవసరమో అతనికీ అంతే అవసరం.

స్పెసిఫికేషన్ కాగితంలో "ఫలానా బ్రాండ్ లేదా తత్సమానమైనది" అని ఉంటుంది. ఆ "తత్సమానం" అన్న చోటే మీ కుళాయిలు, స్విచ్‌లు, టైల్స్ అన్నీ మారిపోతాయి. మెట్లకి చీమకుర్తి గ్రానైట్ అని ఉంటే ఏ రకం, ఎంత మందం అని ఇప్పుడే అడిగి మెయిల్‌లో జవాబు తెప్పించుకోండి. వైర్లు కూడా అంతే. ఏసీ పాయింట్లకి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తామని రాయించుకుంటే గొడవ ఉండదు.

గుమ్మం ముహూర్తం రోజు ఇంటిల్లిపాదీ వెళ్తారు, వెళ్లాలి కూడా. కానీ తనిఖీకి ఆ రోజును లెక్కలో వేసుకోకండి. సైట్ ఊడ్చి, ముగ్గు పెట్టి, మామిడాకులు కట్టి ఉంటుంది. చూడటానికి బాగుంటుంది, చూసేదేం ఉండదు.

డబ్బు విషయానికొస్తే, రిజిస్టర్ చేసిన అగ్రిమెంట్ లేకుండా మొత్తం ధరలో 10 శాతానికి మించి బిల్డర్ తీసుకోకూడదు. కొనేవాళ్లు కట్టిన డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉంచి, ఇంజినీరు, ఆర్కిటెక్టు, సీఏ ధ్రువీకరించిన పని మేరకే అందులోంచి తీయాలి. ఈ ప్రాజెక్టు ఏపీ రెరా సైట్‌లో ఉందా, మూడు నెలలకోసారి పెట్టాల్సిన వివరాలు పెడుతున్నారా చూడండి. మున్సిపాలిటీకి తనఖా పెట్టిన భాగంలో మీ ఇల్లు ఉందేమో కూడా కనుక్కోండి. మన రాష్ట్రంలో ప్లాన్ ఇచ్చేటప్పుడు కట్టబోయే దానిలో కొంత భాగం తనఖా పెట్టించుకుని, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఇంట్లో కాపురం ఉండొచ్చని ఇచ్చే కాగితం) ఇచ్చాక విడుదల చేసే పద్ధతి ఉంది. ఆ భాగంలో ఉన్న ఇంటికి రిజిస్ట్రేషన్ ఆగుతుంది. బ్యాంకు మనిషి వచ్చి చూసి వెళ్లాడు కదా అని ధైర్యపడకండి. ఆయన చూసేది పని ఏ దశకి వచ్చింది, ఎంత విడుదల చేయొచ్చు అన్నదే. కవర్ బ్లాకులు ఆయన పని కాదు. స్లాబు దశ డబ్బు విడుదల చేయమని బ్యాంకుకి చెప్పే ముందు స్లాబు కింద నుంచి ఒకసారి చూసుకోండి. కాంక్రీటు నిండక కంకర బయటపడ్డ గుల్లలు ఉంటే ముందు అవి సరిచేయించండి. డబ్బు మీ చేతిలో ఉన్నప్పుడు ఒక్క మెసేజ్‌తో అయ్యే పని, విడుదలయ్యాక పది ఫోన్లకి కూడా అవదు.

తాళాలు తీసుకునే ముందు చూసే జాబితాలు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి క్లుప్తంగా చెప్తాను. ఒక నాణెంతో టైల్స్ కొట్టుకుంటూ వెళ్లండి, డొల్ల శబ్దం వచ్చినవాటికి గుర్తు పెట్టండి. బాత్రూముల్లో, డాబా మీద బకెట్ నీళ్లు పోసి ఎటు వెళ్తున్నాయో చూడండి. కుదిరితే ఒక మంచి వాన పడ్డ మర్నాడు వెళ్లండి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేకుండా గృహప్రవేశం మాత్రం పెట్టుకోవద్దు, ముహూర్తం ఎంత మంచిదైనా సరే. ఇల్లు అప్పగించిన రోజు నుంచి ఐదేళ్లలోపు నిర్మాణంలోగానీ పనితనంలోగానీ లోపం బయటపడితే, చెప్పిన 30 రోజుల్లో బిల్డర్ ఉచితంగా సరిచేయాలని చట్టంలో ఉంది. అందుకే అప్పగింత తేదీ ఉన్న కాగితాన్ని జాగ్రత్తగా దాచుకోండి. లోపాలు కనబడినప్పుడల్లా ఫోన్‌లో కాకుండా మెయిల్‌లోనే చెప్పండి.

మీ ఇల్లు ఇప్పుడు ఏ దశలో ఉందో మీరు రాయలేదు. మొదటి స్లాబు ఇంకా పడకపోతే, కడ్డీ కట్టాక నాన్నగారిని బాల్కనీ వైపు, పిల్లర్ల మొదళ్ల దగ్గర టేపు పెట్టి నాలుగైదు ఫోటోలు తీయమనండి. ఇక్కడే పెడితే పోసే లోపు చూసి చెప్తాను.